లంక గ్రామాల నాన్నలకు: తక్కువ ఖర్చుతో ఏరు దాటి బడికి, ఆసుపత్రికి చేరే దారులు

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ, ఒడ్డుల వెంట ఉన్న లంక గ్రామాల్లో ఇంటికి ఏం కావాలన్నా ముందు ఏరు దాటాలి. పి.గన్నవరం మండలంలో ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక వాసులకు ఏళ్ల తరబడి ఇదే అవస్థ. వేసవిలో పాయకు అడ్డంగా వేసుకున్న తాత్కాలిక దారి వరద రాగానే కొట్టుకుపోతుంది. ఆ తర్వాత పడవే గతి.

నాన్నల కోసం విడిగా రాయడానికి కారణం ఉంది. కోనసీమ నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లిన అమ్మలు చాలామంది. అలాంటి ఇళ్లలో పిల్లల్ని బడికి పంపడం, జ్వరమొస్తే ఆసుపత్రికి తిప్పడం, ముసలి తల్లిదండ్రులను చూసుకోవడం అన్నీ నాన్న మీదే. కానీ సర్కారు సాయంలో చాలా భాగం ఆడవాళ్లకో, తల్లి ఖాతాకో వెళ్తుంది. ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మహిళలకు. బడికి వెళ్లే పిల్లల కోసం ఇచ్చే తల్లికి వందనం డబ్బు పడేది తల్లి ఖాతాలో. అవి అలా ఉండటమే మంచిది, అందులో పేచీ లేదు. అయితే "నాన్న" అనే పేరు మీద రవాణా సాయం ఎక్కడా దొరకదు. బిడ్డ పేరు మీద, రోగి పేరు మీద, వృద్ధుల పేరు మీద మాత్రం చాలానే ఉంది. ఏది ఎవరి పేరు మీద వస్తుందో తెలుసుకుని, వరదలు మొదలవకముందే కాగితం పెట్టుకోవడమే నాన్న చేయాల్సిన పని.

మొదటి అడుగు: ఖర్చు ఎక్కడ పోతోందో రాసుకోండి

ఒక నెల పాటు ప్రతి ప్రయాణానికి నాలుగు అంకెలు రాయండి. పడవకు ఎంత, ఆటోకు ఎంత, బస్సుకు ఎంత, ఆ రోజు పోయిన కూలి ఎంత. నాలుగోది చాలామంది లెక్కలోకి తీసుకోరు, నిజానికి అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. పిల్లాడిని రేవు దాటించి బడి దగ్గర దింపి వచ్చేసరికి కొబ్బరి దింపుకైనా, అరటి తోట పనికైనా కూలీలు వెళ్లిపోయి ఉంటారు. ఆ రోజు పని పోయినట్టే.

రాసి చూసుకుంటే తేడా బయటపడుతుంది. కొందరికి పడవ ఖర్చు తక్కువ, ఒడ్డు నుంచి బడి దాకా ఆటోకే ఎక్కువ పోతుంది. అలాంటి వాళ్లకు అవతలి ఒడ్డున తెలిసినవాళ్ల ఇంట్లో ఒక పాత సైకిలు పెట్టుకుంటే సగం బరువు దిగుతుంది. బండిని రోజూ పంటు (బండ్లను కూడా దాటించే పెద్ద పడవ) ఎక్కించి దానికి వేరే రుసుము కట్టేవాళ్లు కూడా ఇదే ఆలోచించాలి. కొత్త బండికి వాయిదాలు కట్టడం కంటే ఒడ్డున సైకిలు ఉంచడం నయమని నా అభిప్రాయం. బండి కొన్నా ఏరు దాటించేది పడవే కదా.

రెండో అడుగు: రేవు దగ్గర ధరల బోర్డు చూడండి

కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం లాంటి పెద్ద రేవులను స్థానిక సంస్థలు వేలం వేస్తాయి. పాట పాడుకున్నవాళ్లు మనిషికి ఎంత, సైకిలుకు ఎంత, మోటారు సైకిలుకు ఎంత అని ఖరారైన రేట్ల ప్రకారమే తీసుకోవాలి. ఆ రేట్ల బోర్డు రేవులో కనబడాలి. బోర్డు లేకపోయినా, బోర్డు మీద ఒకటి ఉండి చేతిలో మరొకటి అడిగినా మండల పరిషత్ ఆఫీసులో ఎంపీడీవోకు రాసివ్వండి. బడి పిల్లలకు, రోజూ దాటేవాళ్లకు తగ్గింపు ఉందో లేదో అక్కడే అడగండి. పాట జరగకముందే పది మంది తండ్రులు కలిసి వెళ్లి, పిల్లల ఛార్జీ విషయం షరతుల్లో పెట్టమని అడిగితే ఫలితం ఎక్కువ. పాట అయిపోయాక అడిగితే పాడుకున్నవాడి దయ మీద ఆధారపడాలి.

చిన్న లంకల్లో వేలం, బోర్డు ఏమీ ఉండవు, ఊళ్లో ఒకరిద్దరు నాటు పడవలు నడుపుతారు. అక్కడ నెలకు ఇంత అని మాట్లాడుకోవడం మంచిది. ఐదారు ఇళ్ల పిల్లలు ఒకే వేళకు దాటేలా చూసుకుని, రోజుకొక నాన్న తోడు వెళ్తే మిగతా వాళ్ల కూలి నిలబడుతుంది. ఎవరి వంతు ఏ రోజో బడి క్యాలెండరు మీదే రాసి గోడకు తగిలించండి. నోటి మాటగా అనుకున్న వంతులు కోతల సమయం వచ్చేసరికి తప్పిపోతాయి.

వరద రోజుల్లో అధికారులు లంకలకు ఇంజను పడవలు పెడతారు. వాటిలో ప్రయాణానికి డబ్బు ఇవ్వనక్కర్లేదు. ఎవరైనా అడిగితే తహసీల్దారు ఆఫీసుకు చెప్పండి.

ఒక్క విషయంలో మాత్రం పొదుపు చూడకండి. 2018 జూలైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో, కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి పడవ తగిలి బోల్తా పడింది. బడి నుంచి ఇంటికి వస్తున్న ఆడపిల్లలు ఏట్లో కలిసిపోయారు. జనం ఎక్కువైన పడవ ఎక్కించకండి, తర్వాతి పడవకు ఆగితే పోయేది అరగంట. పిల్లల సైజు లైఫ్ జాకెట్ కొనడం ఒకసారి పెట్టే ఖర్చు. రేవులో జాకెట్లు గుట్టగా పడేసి ఉంటే వాటి పట్టీలు, బకిల్స్ పనిచేస్తున్నాయో లేదో మీ చేత్తో పట్టుకుని చూడండి. బకిల్ పట్టని జాకెట్ నీళ్లలో పడగానే ఊడిపోతుంది.

మూడో అడుగు: బడి ప్రయాణానికి బిడ్డ పేరు మీద వచ్చేవి

ఎక్కువ మందికి తెలియనిది బడి చదువుల కోసం సర్కారు నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ఇచ్చే రవాణా భత్యం. ఇంటికి దగ్గరలో బడి లేని పిల్లలకు నెలకు ₹600 చొప్పున పది నెలలకు, అంటే ఏడాదికి గరిష్ఠంగా ₹6,000 ఇచ్చే వీలుంది. ప్రాథమిక బడి 1 కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్ల లోపల ఉండాలన్నది విద్యాహక్కు లెక్క. ఆ దూరం దాటితే అడగొచ్చు.

లంకల్లో చిక్కు ఇక్కడే వస్తుంది. మ్యాపులో గీత గీస్తే బడి కిలోమీటరున్నర దూరంలోనే కనబడుతుంది, మధ్యలో ఏరు ఉందన్న సంగతి ఆ గీతకు తెలియదు. అందుకే దరఖాస్తులో నడిచే దూరాన్ని, రేవును, పడవను విడివిడిగా రాయాలి. 2009 విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో తెచ్చిన నమూనా నిబంధనల్లో వరద ముప్పు, దారి లేకపోవడం లాంటి ఇబ్బందులున్న చోట ఈ దూరాల పరిమితిని తగ్గించాలని ఉంది. బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా లాంటి ఏర్పాటు చేయాలని కూడా ఉంది. ఈ మాటను దరఖాస్తులో గుర్తు చేయండి. జూన్‌లో బడి తెరవగానే హెడ్‌మాస్టరుకు ఇలా రాసివ్వొచ్చు:

"అయ్యా, మా అబ్బాయి మీ బడిలో 6వ తరగతి చదువుతున్నాడు. మా ఇంటి నుంచి రేవుకు ఇన్ని మీటర్లు నడిచి, పడవలో పాయ దాటి, అవతలి రేవు నుంచి బడికి ఇన్ని కిలోమీటర్లు రావాలి. జూలై నుంచి అక్టోబరు వరకు కాలిబాట ఉండదు. వరద ముప్పు, దారి లేకపోవడం దృష్టిలో పెట్టుకుని మా అబ్బాయి పేరును సమగ్ర శిక్ష రవాణా భత్యం జాబితాలో చేర్చి, మండల విద్యాశాఖాధికారికి పంపాలని కోరుతున్నాను."

దీనికి రెండు నకళ్లు తీసి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. కనకాయలంక లాంటి చోట్ల ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంటుంది, రాకపోకలు మాత్రం చాకలిపాలెం కాజ్‌వే మీదుగా కోనసీమ వైపు. అలాంటప్పుడు ఏ ఆఫీసుకు వెళ్లాలా అని తిరగకండి. బిడ్డ పేరు ఏ బడి రిజిస్టరులో ఉంటే ఆ బడి హెడ్‌మాస్టరే మొదటి గుమ్మం.

డబ్బు ఏ ఖాతాలో పడుతుందో అప్పుడే అడగండి. బడి రికార్డులో సాధారణంగా తల్లి ఖాతా ఉంటుంది. ఆమె గల్ఫ్‌లో ఉండి ఆ ఖాతా ఏళ్లుగా వాడకపోతే, డబ్బు వచ్చినా చేతికి రాదు. సచివాలయంలో ఆధార్‌కు ఏ బ్యాంకు ఖాతా అనుసంధానమై ఉందో చూపించమనండి. తల్లి లేని పిల్లలైతే తండ్రి లేదా సంరక్షకుడి ఖాతా నమోదు చేయించాలి. దానికి మరణ ధ్రువపత్రం లాంటి కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి.

ఇక ఆర్టీసీ. ఆడపిల్లలకు ఇప్పుడు ఇబ్బంది లేదు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. మగపిల్లలకు 12 ఏళ్ల లోపు, ఏడో తరగతి వరకు విద్యార్థి ఉచిత పాస్ ఉంది. ఆ తర్వాత రాయితీ పాస్. అమలాపురం, రాజోలు, రావులపాలెం డిపోల్లో ఏది దగ్గరైతే అక్కడ పాస్ కౌంటరులో దూరం పరిమితి, కావాల్సిన కాగితాలు కనుక్కోండి. పాస్ లేకుండా వెళ్లినా ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, 12 ఏళ్ల లోపు వారికి అర టికెట్. ఇంట్లో నానమ్మో, అమ్మమ్మో ఓపికగా ఉంటే, ఎక్స్‌రేకో, రక్త పరీక్షకో పిల్లాడిని బస్సులో ఆమెతో పంపడం వల్ల ఒక మనిషి ఛార్జీ, మీ ఒక రోజు కూలి రెండూ మిగులుతాయి.

బిడ్డకు వైకల్యం ఉంటే సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) తీసుకోవడంలో ఆలస్యం చేయకండి. బస్సులో రాయితీకి అదే ఆధారం. ఇలాంటి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాలకు, ఫిజియోథెరపీకి వచ్చే పిల్లలకు విడిగా రవాణా, తోడు వచ్చేవారి భత్యాలు ఉన్నాయి. మండలంలో వైకల్యం ఉన్న పిల్లల చదువు చూసే ఐఈ టీచరును కలిస్తే వాళ్లే రాయిస్తారు.

వరద నెలల్లో అసలు ప్రయాణమే తప్పించడం ఒక్కోసారి అన్నిటికంటే మంచి మార్గం. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు, మగపిల్లలకు బీసీ, ఎస్సీ సంక్షేమ హాస్టళ్లు ఉన్నాయి. పిల్లాడిని దూరంగా ఉంచడం ఏ తండ్రికైనా కష్టమే. కానీ ప్రతి జూలైలో బడి రోజులు పోగొట్టుకుని చదువులో వెనకబడే పిల్లలకు హాస్టల్ సీటు పెద్ద ఆసరా. దరఖాస్తులకు వేసవి సెలవుల్లోనే తిరగాలి.

నాలుగో అడుగు: కాన్పు, పసిబిడ్డ, అత్యవసరం

జనని శిశు సురక్ష కార్యక్రమం 2011 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం గర్భిణిని ఇంటి నుంచి ప్రభుత్వ ఆసుపత్రికి తేవడం, అవసరమైతే పెద్దాసుపత్రికి మార్చడం, కాన్పు తర్వాత ఇంటికి దింపడం మూడూ ఉచితం. జబ్బు చేసిన పసిబిడ్డకు ఏడాది నిండే వరకు కూడా ఇది వర్తిస్తుంది. చాలామంది తండ్రులు కాన్పు అయ్యాక కారు మాట్లాడుకుని అప్పు చేస్తారు. డిశ్చార్జి రోజు ఉదయమే వార్డులో చెప్పి, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ కోసం 102కు ఫోన్ చేయించండి.

108కు ఫోన్ చేసేటప్పుడు లంక తండ్రి చెప్పాల్సిన తీరు వేరు. ఊరి పేరొక్కటే చెబితే అంబులెన్సు ఏ ఒడ్డుకు రావాలో వాళ్లకు తెలియదు. "మేం ఫలానా లంకలో ఉన్నాం, పడవలో దాటిస్తున్నాం, మీరు ఫలానా రేవు దగ్గర ఏటిగట్టు మీద ఉండండి" అని చెప్పాలి. గట్టు మీద గుర్తుగా గుడో, మర్రి చెట్టో, వాటర్ ట్యాంకో ఉంటే అదీ చెప్పండి. పడవ ఎక్కకముందే ఫోన్ చేయండి. మీరు దాటే వేళకు బండి కూడా చేరుతుంది. ఇద్దరు పడవవాళ్ల నంబర్లు, ఆశ కార్యకర్త, ఏఎన్ఎం నంబర్లు తలుపు పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. మీరు పనిలో ఉన్నప్పుడు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు కళ్లజోడు లేకుండానే చదవగలగాలి.

రేవు మెట్లు లేని చోట, ఇసుకలో బురదలో నడవలేని మనిషిని చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోయడం తేలిక. పడవలో మధ్యన, కింద చాప వేసి కూర్చోబెట్టండి. కుర్చీ మీద అలాగే ఉంచితే పడవ ఊగినప్పుడు పడిపోతారు.

రాత్రి పడవ దొరకడం కష్టం, వరదలో అయితే ప్రమాదం కూడా. నెలలు నిండే తేదీ జూలై, ఆగస్టు, సెప్టెంబరులో పడితే ఒకటి రెండు వారాల ముందే గట్టు వైపు బంధువుల ఇంటికి మార్చండి. బంధువులు లేకపోతే ఏఎన్ఎంకు చెబితే ముందుగానే ఆసుపత్రిలో చేర్పించే ఏర్పాటు చూస్తారు. దీనికోసం వరద హెచ్చరికలు అర్థం చేసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. కొన్ని కాజ్‌వేల మీదకు మొదటి హెచ్చరికకు ముందే నీళ్లు వస్తాయి కాబట్టి, భద్రాచలంలో 43 అడుగులతో మొదటి హెచ్చరిక ఇచ్చిన రోజే ఇంట్లో గర్భిణిని, డయాలసిస్ రోగిని కదిలించడం మొదలుపెట్టాలి. పైన పెరిగిన నీరు కిందికి రావడానికి పట్టే ఆ వ్యవధే మీకు దొరికే సమయం. చిక్కుకుపోతే 112కు గానీ, విపత్తుల కంట్రోల్ రూమ్ 1070కు గానీ ఫోన్ చేయండి.

ఐదో అడుగు: దూరపు ఆసుపత్రులు

ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) కింద చికిత్స అయితే, ఇంటికి తిరిగి వెళ్లే ఆర్టీసీ బస్సు ఛార్జీ ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. డిశ్చార్జి కాగితాల మీద సంతకం పెట్టే ముందు ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే వైద్యమిత్రను అడగండి. అడగనివాళ్లకు ఎవరూ గుర్తుచేయరు.

బిడ్డకు పెద్ద జబ్బు చేసి కాకినాడ దాటి విశాఖో, హైదరాబాదో తిరగాల్సి వస్తే రైలు రాయితీ చాలా పెద్ద సాయం. క్యాన్సర్ రోగికి చికిత్స కోసం వెళ్లి రావడానికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పూర్తి ఛార్జీ మినహాయింపు, తోడు వెళ్లే ఒకరికి అదే తరగతుల్లో 75 శాతం తగ్గింపు ఉంది. తలసీమియా, గుండె ఆపరేషన్, కిడ్నీ ఆపరేషన్ లేదా డయాలసిస్ రోగులకు, తోడు వెళ్లేవారికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తిరిగే కుటుంబానికి ఏడాదిలో దీనివల్ల ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి. దీనికి రైల్వే నమూనాలో ఆసుపత్రి సంతకం, ముద్రతో సర్టిఫికెట్ కావాలి. ఈ టికెట్ స్టేషన్ రిజర్వేషన్ కౌంటరులోనే తీసుకోవాలి. కాబట్టి మొదటిసారి వెళ్లినప్పుడే, తిరుగు ప్రయాణానికి, వచ్చే విడతకు సర్టిఫికెట్ అడిగి తెచ్చుకోండి. వృద్ధులకు రైల్లో ఉన్న రాయితీని 2020 మార్చిలో ఆపేశారు. మీ నాన్నగారిని తీసుకెళ్తుంటే బస్సే నయం, ఆర్టీసీలో 60 ఏళ్లు దాటినవారికి వయసు రుజువు చూపిస్తే 25 శాతం తగ్గింపు ఉంది.

కాదన్నప్పుడు

"ఇక్కడ ఆ పథకం లేదు" అని నోటితో చెబితే వెనక్కి రాకండి. దరఖాస్తు తీసుకుని, ఎందుకు కాదో రాసివ్వమనండి. తర్వాత సర్కారు ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, నంబరు రాసుకోండి. సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. కూలి పోతుందనుకుంటే ఐదారుగురు నాన్నల అర్జీలు ఒకరే తీసుకెళ్లండి, కానీ ఎవరి బిడ్డది వారి పేరుతో విడిగా ఉండాలి. అందరూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెడితే అది ఊరి సమస్యగా దస్త్రంలోకి వెళ్తుంది, పిల్లల పేర్లు జాబితాలోకి ఎక్కవు.

బిడ్డ ఆధార్, బడి సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, రేషన్ కార్డు, ఆసుపత్రి కాగితాలు అన్నీ రెండేసి జిరాక్సులు తీసి జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంట్లో ఎత్తులో ఉంచండి. ఒక సెట్టు గట్టు వైపు నమ్మకమైన వాళ్ల దగ్గర ఉంచితే, వరదలో ఇల్లు వదిలి రావాల్సి వచ్చినా ఆసుపత్రి కౌంటరు దగ్గర చేతులు ఖాళీగా ఉండవు.